రెండువందల పన్నెండో గడి

నాగలక్ష్మమ్మ పేరెత్తితే మా ఆఫీసులో ఇప్పటికీ "ఆమెది గుండె కాదప్పా, రాయి, దేనికీ బెదరదు" అంటారు. అనేవాళ్ళకేం, అంటారు. పందొమ్మిదివందల ఎనభై ఆరులో, ఆ నెలన్నర, ఆమె ముఖం చూసినవాణ్ణి నేను. అంతగా భయపడిన మనిషిని అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆ భయంలో నాకూ వాటా ఉంది. కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయాల్సిందీ నేనే.

నా పేరు కదిరప్ప. అనంతపురం ఊరి బయట, వేరుశనగ మీద పరిశోధన చేసే మూడు గదుల ల్యాబు ఒకటి ఉండేది. దానికి నేను స్టోర్ కీపర్ని. గాజు సామాను, స్పిరిటు, గ్యాసు సిలిండర్లు, ఆఖరికి దూది కూడా నా సంతకం లేనిదే కదలవు. ఒక గాజు గొట్టం పగిలితే పగలగొట్టినవాడి తాతముత్తాతల దాకా పోయేవాణ్ణి. నన్ను చూస్తే అందరూ పక్క దారి పట్టేవాళ్ళు. నాగలక్ష్మమ్మ ఒక్కతే తొమ్మిదేళ్ళలో నా చేత మాట పడలేదు. ఆమె చేతిలో ఏదీ పగలదు.

ఆ చేతులు ధర్మవరం మగ్గాల దగ్గర తయారైనవి. మగ్గం మీద ఒక పడుగు అయిపోయేసరికి పాత పోగుల కొసలు మిగుల్తాయి. ఆ కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలివేసి అతకాలి. వేళ్ళకు బూడిద రాసుకుని, వేల పోగులు, ఒక్కటి కూడా తప్పిపోకుండా. ఆమె ఎనిమిదో ఏట ఆ పనికి కూర్చుంది. నడుమ ఎక్కడో పాత పోగు తెగిపోయి కొస కనబడకపోతే ఏం చేయాలో వాళ్ళ అమ్మ నేర్పింది. "పోగు లేకపోతే పక్క పోగును అడుక్కో. ఖాళీ మాత్రం వదలద్దు. ఖాళీ వదిల్తే చీరలో గీత పడుతాది, గీత పడిన చీర సావుకారి మొగాన కొడతాడు." ఆ మాట మీదనే ఆమె ముప్పై ఏళ్ళు బతికింది.

పట్టు ధర ఎక్కి, భర్త జయరాముడి మగ్గం ఆగిపోయాక, డెబ్బై ఏడులో మా దగ్గరికి దినకూలీ మీద సీసాలు కడగడానికి వచ్చింది. రోజూ ధర్మవరం నుంచి పొద్దుటి ప్యాసింజరులో రావడం, సాయంత్రం పోవడం. మా సైంటిస్టు ఓబుళేసు గారు నాలుగు దినాలు చూసి, సీసాలు వేరేవాళ్ళకిచ్చి ఈమెను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఆ బల్ల దగ్గర పని ఏమంటే, వేరుశనగ వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి కదా, వాటిలో కంటికి కనబడని జీవాలుంటాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. మొక్క వాటికి తిండి పెడుతుంది. ఆ పనిలో కొంత హైడ్రోజన్ వృథాగా పోతుందట, పొయ్యిలో సెగ పక్కకు పోయినట్టు. అయితే కొన్నింటిలో ఒక ఎంజైము ఉంటుంది. అది పోయే హైడ్రోజన్‌ను పట్టి మళ్ళీ పనికి పెడుతుంది. "మన కరువు నేలకు అట్లాంటి పొదుపుగలది కావాల కదిరప్పా" అనేవాడు ఓబుళేసు గారు. "కొన్ని ఉంటాయి, వేరు మీద బుడిపె కట్టుకుని, మొక్క పెట్టింది తిని, ఏమీ ఇవ్వకుండా కూర్చుంటాయి. ఇల్లరికం అల్లుళ్ళు. బుడిపెను గోటితో కోస్తే తెలిసిపోతాది. పని చేసేదైతే లోపల నెత్తురు రంగు. తిని కూర్చునేదైతే తెల్లగా ఉంటాది."

కణేకల్లు, గోరంట్ల, కుందుర్పి చేలల్లోంచి తెచ్చిన బుడిపెలను నలిపి, గాజు పళ్ళేల్లో పోసిన జిగురు మీద చల్లితే, ఒక్కో జీవం పెరిగి పెరిగి సగ్గుబియ్యం గింజంత చుక్క అవుతుంది. ఒక్కో చుక్కనూ వెదురు పుల్లతో తాకి రెండు చోట్ల పెట్టాలి. ఒకటి పరీక్ష కాగితం మీద, రెండోది గళ్ళు గీసిన పళ్ళెంలో, అదే నంబరు గడిలో. పళ్ళెం భద్రంగా దాచేది. కాగితం పరీక్షకు పోయేది. ఆ కాగితానికి నీలం రంగు పట్టించి, గాజు జాడీలో పెట్టి, హైడ్రోజన్ నింపేవాళ్ళు. ఎంజైము ఉన్న చుక్క కింద నీలం పోయి తెల్లబడుతుంది. కానీ మూత తీసి గాలి తగిలితే మళ్ళీ నీలమైపోతుంది. ఆ లోపల ఏ గడి తెల్లబడిందో చూసి చెప్పేయాలి. మిగతావాళ్ళు కళ్ళు చికిలించుకుంటూ ఉండగానే నాగలక్ష్మమ్మ చెప్పేసేది. నాలుగువందల గళ్ళలో ఒక్కటి తప్పు చెప్పగా నేను వినలేదు.

సిలిండరంటే మాత్రం అందరికీ హడలు. అది తెరిచిన దినం నేను బీడీ కాల్చుకోవడానికి రోడ్డు దాటి పోయేవాణ్ణి.

ఆ ఏడు మార్చిలో నాలుగువందల చుక్కలు పెట్టారు. ఏప్రిల్‌లో పరీక్ష. మూత తీయగానే నాగలక్ష్మమ్మ "రెండువందల పన్నెండు!" అని అరిచింది. పక్కనున్న పదమూడు, పద్నాలుగు అన్నీ నీలంగానే ఉన్నాయి, పన్నెండు ఒక్కటీ సున్నం చుక్కలా తెల్లగా ఉంది. ఓబుళేసు గారు ఆ సాయంత్రం అందరికీ మైసూర్‌పాక్ తెప్పించాడు. దాచిన పళ్ళెంలోని రెండువందల పన్నెండో గడి నుంచి ఎత్తి, సీసాల్లో పెంచి, బొగ్గుపొడిలో కలిపి, పాకెట్లు కట్టారు. మళ్ళీ ఒకసారి పరీక్ష చేయాల్సింది. హైడ్రోజన్ అయిపోయింది. బెంగుళూరు నుంచి సిలిండరు రావాలంటే రెండు నెలలు. పై ఆఫీసు నుంచేమో, వాన రాకముందే పాకెట్లు రైతులకు అందాలని ఉత్తరాల మీద ఉత్తరాలు. సరే, చేలోనే పరీక్ష అవుతుందిలే అని కుందుర్పి దగ్గర ఒక పల్లెకు పంపడానికి ఒప్పుకున్నాడు.

ఆ పల్లెను చెప్పింది నాగలక్ష్మమ్మే. వాళ్ళవాళ్ళలో మగ్గం నేసేవాళ్ళూ ఉన్నారు, సేద్యం చేసేవాళ్ళూ ఉన్నారు. ఆమె అక్క హనుమంతమ్మను ఆ పల్లెకే ఇచ్చారు. బావ గురప్పకు ఆరెకరాల ఎర్రనేల. జూన్ ఆఖర్న ఒక బుధవారం జీపులో పోయి గురప్ప వసారాలోనే పదకొండు ఇళ్ళకు పాకెట్లు పంచి వచ్చాం. బెల్లం గంజి చల్లార్చి, ఈ నల్లపొడి కలిపి, విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తుకోవాలని నేనే గొంతు చించుకుని చెప్పాను. గురువారం సాయంత్రం అక్కడ విత్తడానికి నేల పదునయ్యే వాన పడింది.

శుక్రవారం ఎవరో కాలేజీ పిల్లలు ల్యాబు చూడ్డానికి వచ్చారు. ఓబుళేసు గారు దాచిన పళ్ళెం ఒకటి తీసి చూపిస్తూ, "చూడండి, ఈ గడి ఖాళీ. ఇక్కడ పెట్టింది బతకలేదు. బతకనిదాన్ని బతకలేదనే రాయాలి. ఖాళీ గడి ఖాళీగానే ఉండాలి, అదే మన లెక్కకు ప్రాణం" అన్నాడు.

నాగలక్ష్మమ్మ ఆ పక్కనే పుల్లలు కడుగుతోంది. తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. అది చెప్పాల్సిన మాటని ఎవరికీ తోచలేదు. ఆమె మార్చిలో దాచిన పళ్ళేలను సర్దుతూ నాలుగు చోట్ల గడి ఖాళీగా ఉండటం చూసింది. ఖాళీ ఉంటే ఏం చేయాలో ఆమెకు ఎనిమిదో ఏట నుంచీ తెలుసు. పక్కదాన్ని అడుక్కుంది. పక్క గడి నుంచి పుల్లతో తాకి ఖాళీని నింపింది. ఆ నాలుగింటిలో ఒకటి రెండువందల పన్నెండు.

అంటే కాగితం మీద తెల్లబడింది అసలు పన్నెండు. పళ్ళెంలో అది ఎప్పుడో చచ్చింది. పన్నెండని పేరు పెట్టి, పెంచి, పాకెట్లు కట్టి పదకొండు ఇళ్ళకు పంచింది పక్కనున్న పదమూడును. నీలంగానే ఉండిపోయిన పదమూడును.

మధ్యాహ్నం నా స్టోరు గుమ్మంలో నిలబడింది. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"అన్నా, సిలిండరు ఎప్పుడొస్తాది?"

"నీకెందుకమ్మా సిలిండరు? నీకేమన్నా పెండ్లికి కావాల్నా?"

ఆమె నవ్వలేదు. తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆమె పళ్ళు టకటక కొట్టుకున్నాయి. జూన్ ఎండలో.

నేనేం చేశానో కూడా రాయాలి కదా. "నోరు మూసుకో" అన్నాను. "నీ పర్మినెంటు కాగితం హైదరాబాదులో ఉండాది. ఈ మాట బైటికొస్తే కాగితం పోతాది, నువ్వూ పోతావు, సారూ పోతాడు. ఎవురికి తెలుస్తాది? పంట పోతే వానను తిడతారు. వస్తే మనల్ని పొగుడుతారు."

"అది ఇల్లరికం అల్లుడైతే ఎట్లన్నా? మొక్కను తినేస్తే? మా అక్క రేపు ఇత్తుతాంది. ఉండేది ఒక్క వాన."

"తింటే తింటాది. నువ్వు పొయ్యి పుల్లలు కడుక్కో."

తలుపు తీసి పంపించాను. ఆమె పోయాక నాలో నేను తిట్టుకుంటూ రిజిస్టరు మూశాను.

ఆ సాయంత్రం ఆమె ధర్మవరం పోలేదు. అనంతపురంలో తెలిసినవాళ్ళింట్లో పడుకుని, శనివారం మొదటి బస్సుకు కళ్యాణదుర్గం పోయి, అక్కడ బస్సు మారి కుందుర్పిలో దిగి, రెండు మైళ్ళు నడిచింది. నడిచిందేమిటి, పరుగే. దారి పొడుగునా రెండు పక్కలా గొర్రులు తిరుగుతున్నాయి. ఒక్క దినం పదును పోతే మళ్ళీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియని నేల. ఎవరూ తల ఎత్తి చూడటం లేదు. ప్రతి గొర్రు వెనకా విత్తనం వదిలే ఆడమనిషి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆ నలుపు చూసినప్పుడల్లా ఇంకా వేగంగా పరుగెత్తానని నాతో చెప్పింది.

గురప్ప చేను సగం విత్తడం అయింది. హనుమంతమ్మ చెల్లెల్ని చూసి నవ్వింది కానీ చేయి ఆపలేదు.

"ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చినావు? ఇంట్లో అంతా బాగుండారా?"

"అక్కా, ఆ మసి పట్టిచ్చిన ఇత్తనం ఇంగ వేయద్దు."

గురప్ప ఎద్దులను నిలిపాడు. "ఏమంటాండావు నువ్వు? చెడ్డదా అది?"

"చెడ్డదో మంచిదో నాకు తెలీదు బావా. మేం పరీక్ష చేసింది ఇది కాదు. దీని పక్కది. తప్పు నాది. నాకు అంతే తెలుసు."

హనుమంతమ్మ ముఖం పాలిపోయింది. ఆపుదామా అంటే, గొర్రు పెట్టిన చేన్లో సాలు ఖాళీ వదిలితే ఇంటికి కీడని ఆమె భయం. దున్నేసి మళ్ళీ విత్తుదామా అంటే, అంత విత్తనమూ లేదు, అంతవరకు పదునూ ఆగదు. మొదట తేరుకున్నది ఆమే. "ఇంట్లో మూటలు ఇంగా ఉండాయి. వాటికి మసి పట్టియ్యలేదు. ఉత్తవి తెచ్చి మిగిలింది వేద్దాం. సగమన్నా దక్కనీ." అట్లా ఆ చేను సగం మసి విత్తనం, సగం ఉత్త విత్తనం అయింది.

"మరి మిగతావాళ్ళకు చెప్పి వస్తా బావా" అంది నాగలక్ష్మమ్మ.

గురప్ప ఆమె చేయి పట్టుకున్నాడు. మరదలు వరసైన మనిషిని ఎప్పుడూ తాకనివాడు. "పాకెట్లు పంచింది నా వసారాలో. ఊరంతా ఇత్తుతాంటే ఇప్పుడు పోయి చెడిపోయిందంటే నన్ను బతకనిస్తారా? నీకు తెలీదన్నావు గదా. తెలీనిదాన్ని చెప్పి ఊరిని చంపుతావా?"

అయినా ఆమె చెప్పడానికే బయల్దేరింది. గట్టు అవతల మారెక్క చేను. మొగుడు పోయిన మనిషి, నాలుగెకరాలు కూలి ఎద్దులతో చేసుకుంటుంది. అప్పుడప్పుడే ఒక మూట విత్తనానికి మసి పట్టించి గోనె మీద ఆరబోస్తోంది. అసలు విత్తడమే మొదలుపెట్టలేదు.

"రా తల్లీ. ఈ మసి నీ చేతిదేనంట గదా. నీ చెయ్యి సల్లనిదని మీ అక్క చెప్పింది" అని మారెక్క చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

నాగలక్ష్మమ్మ చెంబు అందుకుంది. చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే గురప్ప ఇటే చూస్తూ నిలబడ్డాడు. పర్మినెంటు కాగితం గుర్తొచ్చింది, నేనన్న మాటలు గుర్తొచ్చాయి, పదకొండు ఇళ్ళవాళ్ళు కట్టెలు పట్టుకుని అక్క వాకిట్లో నిలబడినట్టు కళ్ళకు కట్టింది. మజ్జిగ తాగింది. చెంబు ఇచ్చేసింది. "పోయొస్తా పెద్దమ్మా" అని చెప్పి వచ్చేసింది.

ఆ తర్వాత నెలన్నర ఎట్లా గడిచిందో చెప్పమంటే నాకు చేతకాదు. ఆమె పనికి ఒక్క దినం నాగా పెట్టలేదు. కానీ కళ్యాణదుర్గం వైపు నుంచి తలపాగా చుట్టుకున్న మనిషి ఎవడు మా గేటు దగ్గర నిలబడినా, సీసాలు ఉడికించే గదిలోకి పోయి గడియ వేసుకునేది. వాడు ఏ పురుగుమందు కోసమో వచ్చి ఉంటాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో అప్పుడు చూశాను, ఎందుకంటే నేనూ ఆ మనిషి పోయేదాకా స్టోరు కిటికీ మూసేవాణ్ణి. ఇంటి దగ్గర మొగుడు ఎవరిదో పడుగు అతకమని ఇస్తే, పదిహేనో పోగు దగ్గర వేళ్ళు ఆగిపోయాయట. జూలైలో ఒక వాన పడింది. ఆమె సంతోషపడలేదు. "వాన పడకపోతే వానను తిడతారన్నావు గదన్నా. పడిందే ఇప్పుడు. ఇంగ ఎవురిని తిడతారు?" అంది.

ఆగస్టు రెండో వారంలో ఓబుళేసు గారు పంట చూసి వద్దామని జీపు తీయించాడు. నేను ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో. కుందుర్పి దాటిన తర్వాత దారి ఒక మిట్ట ఎక్కుతుంది. అక్కడి నుంచి ఆ పల్లె చేలన్నీ కనబడతాయి. నాగలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుకుందో.

"ఆపు, ఆపు!" అని సారు అరిచాడు.

నా ప్రాణం పోయింది. కానీ ఆయన నవ్వుతున్నాడు. కింద చేలన్నీ పచ్చగా ఉన్నాయి. మామూలు పచ్చ కాదు, కన్ను ఆనుకుని నిలబడే ముదురు పచ్చ. మారెక్క చేను, దాని పక్కవి, అన్నీ. గురప్ప చేను ఒక్కదాన్లో మాత్రం నడిమధ్య కొలబద్ద పెట్టి గీసినట్టు ఒక గీత. గీతకు ఇటు ముదురు పచ్చ. అటు పసుపు కలిసిన లేత రంగు, మొక్కలు జానెడు పొట్టివి.

"నాగలక్ష్మమ్మా, చూడు! చూడు నువ్వు!"

ఆమె కళ్ళు తెరిచి చూసింది. ఒక్క క్షణం ఆమె ముఖం వెలిగింది, పైరు బతికింది కదా. తర్వాత ఆమె చూపు ఆ గీత మీద పడింది. చీరలో గీత కనిపెట్టే కళ్ళు. ఆ గీత ఏం చెబుతుందో సారుకు తెలియదు, నాకు కూడా వెంటనే తట్టలేదు. ఆమెకు మాత్రం తెలిసింది. "అన్నా, దిగద్దు. వెనక్కి పోదాం" అని నా చొక్కా పట్టుకుంది.

జీపు మిట్ట దిగి గురప్ప గట్టు పక్కన ఆగేసరికి ఊరు కదిలి వచ్చింది. సారు గురప్ప చేన్లోకి దిగి, పచ్చని వైపు నుంచి ఒక మొక్క పీకి, బుడిపెను గోటితో కోసి అందరికీ చూపించాడు. లోపల నెత్తురు రంగు. అటువైపు మొక్క పీకితే బుడిపెలు నాలుగంటే నాలుగు, చిన్నవి. ఆయన సంతోషానికి అడ్డూ ఆపూ లేదు.

"గురప్పా, నువ్వు రైతువి కాదయ్యా, సైంటిస్టువి! సగానికి మందు పట్టించి సగం ఉత్తది వేసి, పక్కపక్కనే పెట్టి చూపించావు. నేను చెప్పాల్సింది మర్చిపోయినా. నీకు ఎవరు చెప్పారు ఇట్లా చేయమని?"

గురప్ప తల వంచుకుని గట్టు మీది గడ్డిని బొటనవేలితో తవ్వుతున్నాడు. హనుమంతమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. సారు అయోమయంగా అందరి ముఖాలు చూశాడు.

మారెక్క ముందుకొచ్చింది. ఆమె గొంతు పెద్దది కాదు. "మాకందరికీ పూర్తిగా పెట్టమంటివి గదప్పా గురప్పా. నువ్వు సగమే ఎందుకు పెట్టినావు?"

గడ్డి తవ్వుతున్న గురప్ప బొటనవేలు ఆగిపోయింది.

మారెక్క మెల్లగా నాగలక్ష్మమ్మ వైపు తిరిగింది. "ఆ శనివారం నువ్వు నా గట్టు మీద నిలబడుకోని మజ్జిగ తాగినావు. నేనింగా గొర్రు పెట్టలేదు. అప్పటికే నీకేమన్నా తెలుసునా?"

నేను దగ్గరే ఉన్నాను. అబద్ధం ఆడటం ఎంత తేలికో నాకు తెలుసు. పైరు బాగుంది, సారుకు ఏమీ తెలియదు, గురప్ప చెప్పడు. "లేదు పెద్దమ్మా" అంటే సరిపోయేది. నేనైతే అదే అనేవాణ్ణి. నాగలక్ష్మమ్మ జీపు తలుపు పట్టుకుంది.

"తెలుసు" అంది. "మాకు తప్పు జరిగిందని తెలుసు. అది పంటను తింటాదేమో అనుకున్నా. మా అక్కకు చెప్పినా. మీకు చెప్పలేదు. భయమైంది."

"చెప్పలేదు" అంది మారెక్క. "పైరు బాగుండాదిలే. అది నీ పుణ్యం గాదు. చెడినా చెడిందనుకుందుము, కరువు మాకు కొత్తా? మీది సగం దాచుకోని, మాది మునుగుతాదో తేల్తాదో అని నెలన్నర చూస్తా కూర్చున్నారు చూడు, అదమ్మా." తన చేనుకేసి నడిచి వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఎవరూ నాగలక్ష్మమ్మను తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని తిరుగు దారిలో నాతో అంది.

జీపులోనే సారుకు గడి సంగతి అంతా చెప్పింది. ఆయన జీపు ఆపించి, దిగి, రోడ్డు పక్కన రాయి మీద చాలాసేపు కూర్చున్నాడు. రిపోర్టు రెండువందల పన్నెండు పేరు మీద హైదరాబాదు పోయి పది దినాలైంది. ఆయన ముఖంలో కూడా అదే భయం చూశాను. "నీకు తెలుసా కదిరప్పా?" అన్నాడు. "తెలుసు సార్" అన్నాను. ఆయన లేచి జీపు ఎక్కాడు. మరుసటి దినం రిజిస్టరు తెప్పించుకుని, "212 బతకలేదు. రైతులకు వెళ్ళింది 213. పరీక్షలో నెగ్గనిది, చేలో నెగ్గింది" అని తన చేత్తోనే రాసి, పైకి ఇంకో ఉత్తరం పంపాడు. ఆయనకు మెమో వచ్చింది. నాగలక్ష్మమ్మ పర్మినెంటు కాగితం దాదాపు మూడేళ్ళు వెనక్కి పోయింది. పని మాత్రం ఆయన ఆమె చేతిలోంచి తీసేయలేదు. ఆ తర్వాత ఆమె పళ్ళెంలో ఖాళీ గడి కనబడితే దాని చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేది.

ప్రతి ఏడూ వానకు ముందు పాకెట్లతో ఆ పల్లెకు పోయేవాళ్ళం. రానని నాగలక్ష్మమ్మ అనదు. అక్కడికి పోయే దినం పొద్దున ఏమీ తినేది కాదు, తింటే కక్కుకుంటానని. మారెక్క వరసలో నిలబడి, తన వంతు వచ్చాక పాకెట్టు అందుకునే ముందు అడిగేది, "ఈ తూరి ఏమన్నా తెలుసా నీకు?" అందరి ముందూ, అదే మాట, అదే గొంతు. "లేదు పెద్దమ్మా" అనేది ఈమె. మారెక్క పాకెట్టు తీసుకుని పోయేది. మంచి నీళ్ళు కావాలా అని కూడా అడగదు. ఎనభై ఏడు అట్లా పోయింది. ఎనభై ఎనిమిదీ అట్లానే పోయింది.

ఎనభై తొమ్మిదిలో కళ్యాణదుర్గం దగ్గర జీపు టైరు పంక్చరయింది. టైరు విప్పడానికని పాకెట్ల పెట్టె నేనే కిందికి దించి ఎండలో పెట్టి, టీ తాగడానికి పోయి, మరిచాను. టైరు అతికించుకుని అందరం వచ్చేసరికి పెట్టె అర దినం ఎండింది. ఆ జీవాలకు ఎండ పడదు. చూసి నాగలక్ష్మమ్మ ముఖం ఎనభై ఆరు నాటిలా అయింది. నేను బుద్ధి మారనివాణ్ణి, మళ్ళీ అదే అన్నాను, "ఎవురికి తెలుస్తాది?" అని. పక్కనే కొత్తగా వచ్చిన ఆఫీసరు ఉన్నాడు. ఆమె పర్మినెంటు కాగితం మళ్ళీ కదిలింది ఆ నెలలోనే.

పల్లెలో వరస నిలబడింది. మారెక్క వంతు వచ్చింది.

"ఈ తూరి ఏమన్నా తెలుసా నీకు?"

"తెలుసు పెద్దమ్మా" అంది నాగలక్ష్మమ్మ. "అర దినం ఎండలో ఉండినాయి. సగమన్నా చచ్చింటాయి. ఎంత పని చేస్తాయో నాకు తెలీదు."

ఆఫీసరు గిర్రున తిరిగి చూశాడు. వరసలో గుసగుసలు మొదలైనాయి. మారెక్క చేయి చాపింది.

"చెప్పినావు గదా. ఇయ్యి. ఒకటికి రెండు ఇయ్యి, ఎక్కువ పట్టించుకుంటా."

రెండు పాకెట్లూ కొంగులో వేసుకుని నాలుగడుగులు పోయి, వెనక్కి తిరిగింది.

"పోయేటప్పుడు ఇంటికాడికి రా. మజ్జిగ తాగిపోదువు."